మా అత్తమ్మ కలికుండ

2023 మార్చిలో ఒకరోజు పొద్దున్నే, ఇంకా చాయ్ కూడా పెట్టలేదు, ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. పంపింది మా మేనల్లుడు. అమెరికాలో, ఒహాయోలో ఉద్యోగం చేస్తాడు. ఫొటోలో మెడ సన్నగా ఉన్న పెద్ద గాజు బుడ్డి, దాంట్లో తేనెరంగు నీళ్లు, ఆ నీళ్ల మీద తెల్లటి పొర. పాలమీద మీగడ ముడతలు పడ్డట్టు ఉంది. కింద ఒకటే మాట: "అత్తా, ఇది పాడైందా, బాగుందా?"

ఫోన్ చేశాను. "ఏందిరా అది?" అంటే కాసేపు నసిగాడు. "పుల్ల బీరు అత్తా. ఇంట్ల నేనే చేసిన. నాన్నకు చెప్పకు."

నాకు నవ్వాగలేదు. మా ఆసిఫాబాద్‌లో ఇంట్లో సారా కాస్తే ఎక్సైజు వాళ్లొచ్చి కుండలు పగలగొట్టి కేసు పెడతారు. అక్కడ మాత్రం ఇంటి అవసరానికి బీరు చేసుకోవడం నేరం కాదట, 1978లోనే చట్టం తెచ్చారట. అయినా బీరు సంగతి నన్నెందుకు అడుగుతున్నాడు? అదే అడిగాను.

"మీ ఇంట్ల కలికుండ ఉంటది గదా అత్తా. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వస్తే తాగించేటోళ్లు. దాని మీద గూడ గిట్లనే తెల్లగ వచ్చేది. అమ్మమ్మ ఏం చేసేదో అడుగు."

వాడు అమ్మమ్మ అనేది మా అత్తమ్మని.

మీలో ఎంతమంది ఇళ్లలో కలికుండ ఉందో నాకు తెలియదు. ఆంధ్ర వైపు వాళ్లు తరవాణి అంటారు. నేను బీఏ తెలుగు చదివేటప్పుడు నిఘంటువులో ఆ మాట కనబడితే, అరే, ఇది మా ఇంట్లో కూడా ఉంది కదా అని మురిసిపోయాను. పెళ్లయి ఆసిఫాబాద్ వచ్చాక ఆ మురిపెం తగ్గింది. ఎందుకంటే ఇక్కడ అది నిఘంటువులో మాట కాదు, రోజూ పొద్దున చేయాల్సిన పని.

వంటింటి మూలకు, పొయ్యి వేడి తగలని చోట, కుదురు మీద ఐదారు లీటర్ల మట్టికుండ. బియ్యం కడిగిన మొదటి నీళ్లు బర్రెల కుడితికి. రెండోసారి కడిగిన నీళ్లు, అన్నం వార్చిన గంజి చల్లారాక, పిడికెడు అన్నం కుండలోకి. మీద పలుచని బట్ట కట్టాలి. మూడో రోజుకు పులుస్తుంది. పైన తేట తేరుతుంది, కింద మడ్డి దిగుతుంది. ఆ తేటను చిప్పగరిటెతో తీసి, ఉప్పేసి, ఉల్లిగడ్డ ముక్క, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగితే నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీల ఎండలో కూడా కడుపు చల్లగా ఉంటుంది. సద్దన్నంలో పోసుకోవచ్చు. చింతపండు తక్కువైన రోజు పప్పులో కూడా పోస్తుంది మా అత్తమ్మ.

పదిహేను రోజులకొకసారి కుండ ఖాళీ చేసి, వేడినీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. కానీ ఖాళీ చేసేముందు ఒక గ్లాసెడు పాత కలి పక్కన పెట్టాలి. కొత్త నీళ్లకు అదే తోడు. పెరుగుకు తోడు ఎట్లనో ఇదీ అట్లనే. ఆ తోడు తనకు తన అత్త దగ్గర్నుంచి వచ్చిందని అత్తమ్మ చెబుతుంది. ఆమె కాపురానికొచ్చి అప్పటికి యాభై ఏళ్లు దాటింది. "కుండలెన్నో పగిలినయి బిడ్డా, కలి మాత్రం తెగలేదు" అనేది.

అంత గొప్పగా చెప్పుకునే కుండ అది. అందుకే మేనల్లుడి ఫొటో అత్తమ్మకు చూపిస్తే అద్దాలు తెచ్చుకుని మరీ చూసింది. రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించమన్నది.

"పొర సాపుగ ఉన్నదా, నూగు నూగుగ ఉన్నదా అడుగు" అన్నది.

సాపుగానే ఉందన్నాడు.

"తెలుపేనా, పచ్చ, నలుపు, ఎరుపు ఏమన్న కనబడుతున్నదా?"

తెలుపేనన్నాడు.

"వాసన ఎట్లున్నది?"

వాడు బుడ్డి మూత తీసి చూసి, పుల్ల ఆపిల్ పండులాగ, కొంచెం కొట్టంలో ఎండుగడ్డి లాగ ఉందన్నాడు. మూతలు మాటిమాటికి తీయొద్దట, గాలి తగిలితే బీరు సిర్కా అయిపోతుందట. అందుకే వాడి బుడ్డికి నీళ్లు పోసిన చిన్న గొట్టం ఒకటి బిగించి ఉంది. లోపలి గాలి బుడగలు బుడగలుగా బయటికి పోతుంది గానీ బయటి గాలి లోపలికి రాదు.

"అయితే ఏం గాలేదు. కదపకుండ ఊకోమను" అని తీర్పు చెప్పింది అత్తమ్మ.

వాడు ఆనందంగా ఇంకా చాలా చెప్పాడు. బెల్జియం దేశంలో బ్రస్సెల్స్ ఊరి చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్ల బీరు చేస్తారట. ఉడికించిన గింజల నీళ్లను వెడల్పాటి తొట్లో పోసి, రాత్రంతా మూత లేకుండా గాలికి వదిలేస్తారట. గాలిలోంచి, ఆ పాత గోడల నుంచి ఏ సూక్ష్మజీవులు వచ్చి పడితే వాటితోనే పులుస్తుంది. తర్వాత కర్ర పీపాల్లో ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు మాగబెడతారు. ఈ పనంతా చలికాలంలోనే చేస్తారట. ఎండాకాలం గాలిలో చెడగొట్టేవి ఎక్కువుంటాయని.

అది చెబితే అత్తమ్మ తల ఊపింది. మాకు దానికి తలకిందులు. మా జిల్లాలో చలికాలం రాత్రులు ఐదారు డిగ్రీలకు పడిపోతాయి. సిర్పూర్ యు, గిన్నెధరి వైపయితే ఇంకా తక్కువ. ఆ చలికి కలి పులవదు. పులుపు తొందరగా ఎక్కకపోతే ఈలోపు చెడగొట్టేవి కుండను పట్టుకుంటాయి. అందుకే కొత్త కుండ శివరాత్రి దాటాకే పెట్టాలంటుంది అత్తమ్మ. దేశాలు వేరు, కాలాలు వేరు గానీ అక్కడి పెద్దలు, మా అత్తమ్మ పట్టుకున్న సంగతి ఒక్కటేననిపించింది. ముందు ఎవరు వచ్చి కూర్చుంటే కుండ వాళ్లది.

ఇది జరిగిన వారానికి మా చిన్నాన్న మనవరాలి పెళ్లికి నేను, మా ఆయన మంచిర్యాల వెళ్లాం. చిన్నోడికి ఇంటర్ పరీక్షలు. వాడికి తోడుగా అత్తమ్మ ఇంట్లోనే ఉన్నది. నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం మేము ఇల్లు చేరేసరికి వాడు పరీక్ష రాసి అప్పుడే వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. అత్తమ్మ గ్లాసులో కలితేట తీసి, ఉప్పేసి కలుపుతున్నది.

వంటింట్లోకి అడుగుపెట్టగానే నాకు కంపు కొట్టింది. పులుపు కాదు. తూము దగ్గర తడిబట్ట నాలుగు రోజులు పడి ఉంటే వచ్చే వాసన. ఎలుకేమైనా చచ్చిందా అని మూలలు చూశాను. చూపు కుండ మీద పడింది. బట్ట తీశాను. ఈ నాలుగు రోజుల్లో కుండలో నీళ్లు తగ్గాయి. తగ్గినచోట కుండ గోడకు అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. వాటి చుట్టూ లేత గులాబీ రంగు గీత. ఒకచోట బొటనవేలి గోరంత మేర పచ్చటి నూగు.

వెనక్కి తిరిగేసరికి గ్లాసు చిన్నోడి నోటి దగ్గర ఉంది. లాక్కున్నాను. సగం వాడి చొక్కా మీద ఒలికింది.

"ఏమైందే, పిల్లగాడు ఎండల పడి వస్తే?" అన్నది అత్తమ్మ.

"పాడైంది అత్తమ్మా. కంపు కొడుతలేదా?"

"ఏం కంపు? పులుపు మంచిగనే ఉన్నది. నేను నాలుకకు తగిలిచ్చి చూసిన."

"పచ్చగ బూజు పట్టింది చూడు."

చూసింది. చూసి, "మెతుకులకు పట్టింది, తీసేస్తె పోతది. కింద తేట మంచిదే" అన్నది.

నాకు కోపం వచ్చింది. ప్రయాణం చేసి వచ్చాను, ఎండ, పిల్లవాడికి పరీక్షలు. ఏదైనా అయితే ఏడాది చదువు ఏమవుతుంది? "వాసన తగిలితెనే తెలుస్తున్నది గదా. ఇంత కంపును పట్టుకుని మంచిదే అంటవేంది?" అని కొంచెం గట్టిగానే అన్నాను. కుండ ఎత్తుకుపోయి పెరట్లో మూలకు పారబోశాను. అందులో గ్లాసెడు కూడా పక్కన పెట్టలేదు. ఆ సంగతి పారబోశాక గుర్తొచ్చింది. యాభై ఏళ్ల తోడు నేలలోకి ఇంకిపోయింది.

అత్తమ్మ ఒక్క మాట అనలేదు. గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత పోయి తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నది. సాయంత్రం చాయ్ వద్దన్నది. రాత్రి రెండు మెతుకులు తిని లేచింది.

పదింటికి దోమతెర కట్టడానికి ఆమె గదిలోకి వెళ్లాను. క్షమాపణ చెప్పుకుందామనే వెళ్లాను. పారబోసినందుకు కాదు, అరిచినందుకు. నేను నోరు తెరవకముందే ఆమే అన్నది.

"నాకు వాసన వస్తలేదే."

నాకు అర్థం కాలేదు. "ఎప్పటి సంది? జలుబా?"

"కరోనా అప్పటి సంది."

2021 మేలో మా ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. నాకూ వాసన పోయింది. పదిరోజులకు పోపు పెడుతుంటే ఇంగువ ఘాటు ముక్కుకు తగిలి ఏడ్చినంత పని చేశాను. "నీకొచ్చిందా అత్తమ్మా?" అని ఆ రోజే అడిగాను. "ఆ, వచ్చింది" అన్నది. మళ్లీ నేను అడగలేదు. దాదాపు రెండేళ్లు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సాయంత్రం మల్లెపూలు కడితే జడలో పెట్టుకోకుండా దేవుడికి పెట్టుమనేది. వయసు పైబడింది కదా అనుకున్నాను. పప్పు అడుగంటితే పక్కనే కూర్చున్నా లేచేది కాదు. చెవి మందగించి పొయ్యి చప్పుడు వినబడలేదనుకున్నాను. ఆ నెల మొదట్లోనే కెరమెరి ఘాట్ మీదుగా జోడేఘాట్ వైపు చుట్టాలింటికి పోయాం. ఇప్పపువ్వు రాలే కాలం. బస్సు కిటికీలోంచి ఆ తియ్యటి, మత్తు వాసన కమ్ముకుంటుంటే, "ఎంత వాసనే అత్తమ్మా" అన్నాను. "ఊ" అని బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె పుట్టిల్లు ఆ అడవి పక్క ఊరే. తెల్లవారుజామున గంప పట్టుకుని ఇప్పపువ్వు ఏరిన చిన్ననాటి సంగతులు ఎన్నిసార్లు చెప్పిందో. ఆ రోజు ఒక్కటీ చెప్పలేదు. అది కూడా నాకు తట్టలేదు.

మరి వాసన లేకుండా రెండేళ్లు కలికుండ ఎట్లా నడిపింది? దానికీ జవాబు నా దగ్గరే ఉంది. రోజూ పొద్దున, "ఏమే, కొంచెం కుండ చూడు, పులుపెక్కువైనట్టున్నది" అని నన్ను పిలిచేది. నేను బట్ట తీసి, వంగి, "మంచిగనే ఉన్నది అత్తమ్మా" అనేదాన్ని. పెద్దామెకు పనులు చెప్పే అలవాటు అనుకుని లోలోపల విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. రెండేళ్లుగా నేను ఆమె ముక్కునని నాకు తెలియదు. నేను నాలుగు రోజులు ఊర్లో లేను. ఆ నాలుగు రోజులు కుండకు ముక్కు లేదు.

మర్నాడు పొద్దున నేను చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాను. ఎందుకు దాచావని అడిగాను.

"ముక్కు పోయినదానికి వంటింట్ల ఏం పని అంటరని" అన్నది.

ఎవరంటారు అత్తమ్మా అనబోయి ఆగాను. ముందురోజు నేను అన్న మాట అదే కదా, వేరే మాటల్లో.

మంచిర్యాలలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం. ఆయన ముక్కు లోపల గొట్టం పెట్టి చూసి, అడ్డమేమీ లేదన్నారు. డెబ్భై దాటిన వయసు, రెండేళ్లు గడిచింది, తప్పకుండా వస్తుందని చెప్పలేనన్నారు. కానీ ఒక అభ్యాసం చెప్పారు. లవంగం, నిమ్మతొక్క, నీలగిరి తైలం, గులాబీ. ఈ నాలుగూ నాలుగు చిన్న సీసాల్లో పెట్టి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఒక్కొక్కటి ఇరవై సెకన్లు వాసన చూడాలి. ఊరికే చూడడం కాదు, ఆ వాసన ఎట్లుండేదో గుర్తు చేసుకుంటూ చూడాలి. కనీసం మూడు నెలలు.

ఇంకో మాట అన్నారు, అది విన్నాక నా కాళ్లల్లో వణుకు వచ్చింది. "ఇంట్లో గ్యాస్ పొయ్యి ఎవరు చూస్తారు?" వంట గ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. లీకయితే తెలియాలని కంపు కొట్టే మందు కావాలని కలుపుతారు. ఆ కంపు తెలియని మనిషి ఇంట్లో ఒంటరిగా ఉంటే ఆ మందు కలిపీ లాభం లేదు. నాలుగు రోజులు చిన్నోడిని, ఆమెను ఆ పొయ్యి దగ్గర వదిలి పెళ్లి భోజనాలు తిన్నాను. ఇప్పుడు రాత్రి పడుకునేముందు, ఊరికి పోయేముందు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేది ఇంట్లో రూలు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, కరోనా వచ్చినా రాకపోయినా, ఒకసారి కళ్లు మూసుకోమని చెప్పి ముక్కు దగ్గర కాఫీపొడో, లవంగమో పెట్టి చూడండి. వయసుతో కూడా వాసన తగ్గుతుంది. అది మెల్లగా తగ్గితే వాళ్లకే తెలియదు. తెలిసినా మనకు చెప్పరు.

ఇంతా అయ్యాక నాకు ఒక సంగతి బోధపడింది. అత్తమ్మ అబద్ధం చెప్పలేదు. "పులుపు మంచిగనే ఉన్నది" అన్నది నిజమే. పులుపు నాలుక పని. ఉప్పు, కారం, తీపి, చేదు ఆమెకు ఇప్పటికీ తెలుస్తాయి. కానీ కుళ్లు ముక్కు పని. పులిసినదానికి, కుళ్లినదానికి మధ్య గీత నాలుకకు కనబడదు. మన భాషలో కూడా చూడండి, ఊరడం వేరు, పులియడం వేరు, మాగడం వేరు. మురగడం, ముక్కిపోవడం, కుళ్లడం వేరు. అన్నీ ఒక వస్తువును అట్లా ఉంచితే జరిగేవే. ఇన్ని మాటలు పుట్టించుకున్నారంటే ఆ తేడా తెలియక ఎంతమందికి కడుపునొప్పులు వచ్చాయో.

మేనల్లుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వాడు తాను చదువుకున్నవి చెప్పాడు, అత్తమ్మ తనకు తెలిసినవి చెప్పింది. రెండూ పక్కపక్కన పెడితే చాలావరకు కలిశాయి.

తెల్లగా, సాపుగా, పలుచగా, ముడతలుగా పొర కడితే అది ఈస్టు జాతి. వాడి బీరు మీదైనా, మా కలి మీదైనా భయపడాల్సింది కాదు. మేం దాన్ని తీసేసి కుండ కడుక్కుంటాం, ఎందుకంటే అట్లా వదిలేస్తే పులుపు తగ్గి రుచి చెడుతుంది. వాడు మాత్రం దాన్ని కదపడు, ఆ పొర బీరుకు గాలి తగలకుండా కాపలా కాస్తుందట. అదే పొర నూగుగా, దూదిలాగా పైకి లేచిందా, పచ్చ, నలుపు, నీలం, గులాబీ రంగులున్నాయా, అప్పుడు తర్కం లేదు. మొత్తం పారబోయాలి. "మీదిది తీసేస్తె కింద మంచిదే" అనేది గట్టి వస్తువు సంగతేమో గానీ నీళ్ల సంగతి కాదు. పైన కనబడేది బూజు పువ్వు మాత్రమే, దాని వేళ్లు, విషం లోపలికి దిగి ఉంటాయి. కొన్ని బూజుల విషం మరగబెట్టినా పోదు. ఇది అత్తమ్మ కూడా ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

బూజు ఎప్పుడూ నీళ్లలో మొదలవదు, నీళ్ల పైన మొదలవుతుంది. గోడకు అంటుకున్న మెతుకు, తేలుతున్న అన్నం, తడి గరిటె. అందుకే రోజూ నీళ్లు పోసి మట్టం పైకి తేవాలి, కుండ అంచు తుడవాలి, ఎంగిలి చెయ్యి, కూర అంటిన గరిటె ముంచకూడదు. ఊరికి పోయేటప్పుడు కుండ ఖాళీ చేసి, గ్లాసెడు తోడు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టిపోవాలి. ఇంత చిన్న పని నేను చేసుంటే ఈ కథే లేదు.

జిగురు దగ్గర మాత్రం రెండిళ్ల శాస్త్రం వేరు. వాడి బీరు నాలుగో నెలలో గుడ్డు తెల్లసొనలాగ తీగ సాగుతుందట. లాంబిక్ చేసేవాళ్లు దాన్ని జబ్బు చేసింది అంటారట. పారబోయరు, ఆగుతారు. ఇంకొన్ని నెలలకు ఇంకో జాతి ఈస్టు ఆ జిగురును తినేసి మళ్లీ తేట చేస్తుందట. మా కలికి అట్లా నెలలు ఆగే ఆయుష్షు లేదు. జిగురు సాగితే పారబోయడమే. ఇది విని అత్తమ్మ, "వాళ్లది బాలింత జబ్బు, నయమైతది. మనది నయమైతదా అని చూస్తె మనకే జబ్బు చేస్తది" అన్నది.

ఇంక అన్నింటికన్నా ముఖ్యం: ముందు కన్ను, తర్వాత ముక్కు, చివరికే నాలుక. కన్ను వద్దన్నా, ముక్కు వద్దన్నా నాలుక దాకా పోకూడదు. అనుమానం ఉన్నదాన్ని రుచి చూసి తేల్చుకోవడం మనలో చాలామందికి అలవాటు. పారేయబుద్ధి కాక ఒక చుక్క నాలుక మీద వేసుకుంటాం. అది మానేయాలి. మేనల్లుడు ఇంకో ఉపాయం చెప్పాడు, పీహెచ్ కాగితం ముక్కలు. కుండలో ముంచితే రంగు మారుతుంది. 4.6 కన్నా కిందికి ఉంటే చాలా రోగక్రిములు పెరగలేవట. తెప్పించాను. మంచి కలి నాలుగుకు అటూఇటూ చూపిస్తున్నది. కానీ బూజు పట్టిన కుండ కూడా పుల్లగానే ఉండొచ్చు, కాబట్టి కాగితం ఒప్పుకున్నంత మాత్రాన కన్ను, ముక్కు పని అయిపోదు.

మరి తెగిపోయిన కలి? నాకు మనసులో ములుకులాగ ఉండిపోయింది. మా ఆడబిడ్డకు ఫోన్ చేశాను, ఎప్పుడో అమ్మ దగ్గర తోడు తీసుకుపోయింది కదా అని. ఫ్రిజ్ వచ్చాక మానేశానన్నది. అత్తమ్మకు చెప్పలేక చెప్పాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "అందుకేనా మొకం గట్ల పెట్టుకున్నవు? మా అత్తకు తోడు ఎవరిచ్చిండ్రు? బియ్యంల నుంచే వస్తది. కుండ తే."

సంతలో కొత్త కుండ తెచ్చాను. రెండు రోజులు నీళ్లు పోసి నానబెట్టింది, మట్టివాసన పోవడానికి. పోయిందో లేదో చూడమని నన్ను పిలిచింది. ఈసారి సాకు చెప్పలేదు. "నువ్వు వాసన చూడు" అన్నది. తర్వాత గంజి, కడుగునీళ్లు, పిడికెడు అన్నం. మార్చి ఎండ. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు సన్నటి బుడగలు. మూడో రోజు పొద్దున బట్ట తీస్తే పచ్చిమామిడికాయ కోసినప్పటి వాసన. "వచ్చింది అత్తమ్మా" అన్నాను. అప్పుడు గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించుకుంది. కళ్లు మూసుకుంది. "ఇంకో పూట ఆగాలె. పులుపు లోతు లేదు" అన్నది. పూట ఆగాం. ఆమె అన్నదే నిజం. ఆ లోతు నా నాలుకకు ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి మా ఇంట్లో పని అట్లా పంచుకున్నాం. కన్ను, ముక్కు నావి. పులుపు ఆమెది. ఆమె ఒప్పుకోనిదే కలి గ్లాసులోకి రాదు, నేను ఒప్పుకోనిదే ఆమె నాలుకకు పోదు.

నాలుగు సీసాల అభ్యాసం ఇప్పటికీ చేస్తున్నది. మూడు నెలలన్నారు, ఏడాది దాటింది. నిమ్మతొక్క, గులాబీ ఇంకా లేవు. లవంగం సీసా దగ్గర మాత్రం ఈ మధ్య కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నది. వస్తున్నదా అంటే, "ఘాటు తెలుస్తున్నది. అది వాసనో, మంటో తెలుస్తలేదు" అంటుంది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. నాకదే చాలు.

మేనల్లుడు మొన్న మళ్లీ ఫొటో పంపాడు. బుడ్డిలో బీరు తేటగా, బంగారు రంగులో ఉంది. జిగురు పోయిందట. ఎప్పుడు తాగుతావురా అంటే, "ఇంకో ఆర్నెల్లు ఆగాలత్తా" అన్నాడు. అత్తమ్మ పక్కనుంచి వినింది.

"మూడు రోజుల పనికి రెండేండ్లా? ఆ పిల్లగానికి పెండ్లి చేయుండ్రి" అన్నది.